పెద్దబాపు చెవి, నా ఎడమ కాలు

పెద్దబాపు పోయిన కబురు నాకు ఆసిఫాబాద్ బస్టాండులో తెలిసింది. బస్సు కిక్కిరిసి ఉంది. చేతిలో టికెట్ల మిషను, చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టిన ఫోను, వెనక నుంచి "మేడం, జర ముందటోళ్లను జరుపుండ్రి" అని ఎవరిదో అరుపు. ఫోనులో పెద్దవ్వ. "మీ పెద్దబాపు పోయిండే బిడ్డా" అంది. ఆమె ఏడవలేదు. ఆమె ఏడవకపోయేసరికి నాకూ ఏడుపు రాలేదు. "ఎప్పుడే?" అన్నాను. "గిప్పుడే. చాయ్ తాగిండు, సాసరు కింద పెట్టిండు, గోడకు ఒరిగిండు. గంతే."

నేను బస్సు కండక్టర్‌ని. డ్రైవరన్న నా మొహం చూసి కనిపెట్టాడు. "డిపోకు నేను ఫోన్ జేస్త, నువ్వు దిగిపో చెల్లె" అన్నాడు. దిగి ఎట్లా పోను? మందమర్రికి అన్నిటికన్నా ముందు పోయే బస్సు నాదే. అందుకని టికెట్లు కొడుతూనే పోయాను. రెబ్బెన, తాండూరు, బెల్లంపల్లి. ఆధార్ కార్డులు చూడడం, ఆడవాళ్లకు జీరో టికెట్లు ఇవ్వడం, జరగండి జరగండి అని గొంతు చించుకోవడం. బెల్లంపల్లి దాటాక ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని "ఏందే బిడ్డా, ఏడుస్తున్నవా?" అని అడిగేదాకా నా కళ్లలోంచి నీళ్లు కారుతున్న సంగతి నాకే తెలియదు. మందమర్రిలో దిగాను, నా రెండు కాళ్ల మీద. ఎవరైనా దిగుతారు, అందులో ఏముంది అనుకుంటారేమో. ఉంది. చెప్తాను.

నాకు రాయడం అలవాటు లేదు, అరవడమే అలవాటు. ఎక్కడన్నా గొంతు పెరిగితే చదివేవాళ్లు ఏమీ అనుకోవద్దు.

బాపు అంటే నాన్న, పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. నేను బడికి పోయే రోజుల్లోనే బాపు జబ్బు చేసి చనిపోతే అవ్వనూ, అంటే మా అమ్మనూ, నన్నూ తన క్వార్టర్‌కు తెచ్చుకున్నాడు. ఆయనకూ పెద్దవ్వకూ పిల్లలు లేరు. ఆయనది బొగ్గుబాయిలో పని. మా దిక్కు గనిని బాయి అనే అంటాం. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర గుంజలు నిలబెట్టి, గుంజకూ కప్పుకూ నడుమ చెక్కముక్క కొట్టి బిగించేవాడు. గుంజ పెట్టే ముందు కర్రతో కప్పును తట్టి వినాలి. ఖంగున పలికితే కప్పు గట్టిగా ఉన్నట్టు. డొల్లగా పలికితే పైన పొర విడిచినట్టు, అక్కడున్న వాళ్లంతా పక్కకు పోవాలి. ఆయన విని "మంచిగుంది" అన్నాకే మిగతావాళ్లు ఆ కప్పు కింద కూర్చుని సద్ది విప్పేవాళ్లట. ఇవన్నీ తోటి పనివాళ్లు చెప్పగా విన్నవి. ఆయన తన సంగతి తాను చెప్పుకునే మనిషి కాదు.

రిటైరై కాలనీ పక్కన రెండు గదుల ఇల్లు కట్టుకున్నా ఆ తట్టే అలవాటు పోలేదు. పుచ్చకాయ అందరూ తట్టి చూస్తారు. మా పెద్దబాపు మంచం కోడు తట్టేవాడు, గ్యాసుబండ తట్టేవాడు, పక్కింటివాళ్లు కొత్తగా కట్టుకున్న గోడను వాళ్ల ముందే తట్టి పెదవి విరిచేవాడు. వేలి మెటికతో రెండుసార్లు కొట్టి, తల పక్కకు వంచి, కళ్లు మూసుకునేవాడు. నడుమ ఎవరన్నా మాట్లాడితే చెయ్యెత్తేవాడు. "చప్పుడు జెయ్యకుండ్రి. దాన్ని చెప్పనియ్యుండ్రి." నా బస్సెక్కినా అంతే. సీటు పక్క రేకును తట్టి "గీ బస్సు ఇంకెన్నో రోజులు రాదే" అనేవాడు, అందరూ వింటుండగా. "నువ్వు టికెట్ తియ్యి పెద్దబాపు, బస్సు సంగతి డిపోల సూసుకుంటరు" అని నేను గదమాయిస్తే బస్సంతా నవ్వేది.

ఇక నా కాలు. ఎడమ కాలు చిన్నప్పటి నుంచీ మోకాలి దగ్గర బయటికి వంగి ఉండేది. పెళ్లికి అడ్డం రాలేదు, ఉద్యోగానికీ అడ్డం రాలేదు. కానీ గుంతల రోడ్ల మీద ఊగే బస్సులో ఏళ్ల తరబడి నిలబడి పనిచేస్తే ఆ వంకర ఊరుకుంటుందా? మోకాలు లోపలి వైపు అరగడం మొదలైంది. మొదట ఫుట్‌బోర్డు దిగుతుంటే నొప్పి. తర్వాత ఎక్కుతుంటే నొప్పి. ఆఖరికి నేల మీద కూర్చుంటే లేవడానికి ఎవరిదో ఒకరి భుజం కావాల్సి వచ్చింది. ఫ్రీ బస్సు వచ్చినంక రద్దీ పెరిగింది కదా, ఆ జనంలో అటూ ఇటూ తిరగలేక పళ్లు బిగబట్టి పనిచేసేదాన్ని. మా ఆయన దుబాయ్ నుంచి ఫోను చేసి "ఉద్యోగం ఇడిసిపెట్టరాదు" అన్నాడు. ఆ మాటకు ఫోను కట్ చేశాను. ఆ ఖాకీ చొక్కా నా సొంతం. దాన్ని వదిలెయ్యమనడానికి ఎవరికైనా ఏం హక్కుంది?

ఒక ఆసుపత్రిలో మోకాలు మార్చాల్సిందే అన్నారు. అప్పటికి నాకు నలభై కూడా లేవు. మార్చిన మోకాలు కొన్నేళ్లకు అరిగితే మళ్లీ మార్చాలట. నేల మీద కూర్చోవద్దట, గొంతుక్కూర్చోవడం అసలే వద్దట. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పక్కన పెద్దబాపు ఉన్నాడు. ఓదార్చలేదు. "ఇంకో దగ్గర అడుగుదాం" అన్నాడు. అట్లా కరీంనగర్‌లో ఇంకో డాక్టరు దగ్గరికి పోయాం.

ఈ డాక్టరు తుంటి నుంచి మడమ దాకా పొడుగాటి ఎక్స్‌రే తీయించాడు. దాన్ని వెలుతురు పెట్టెకు తగిలించి, తుంటి నడుమ నుంచి చీలమండ నడుమకు స్కేలు పెట్టి గీత గీశాడు. ఆ గీత మోకాలి నడుమ నుంచి పోవాలి. నా కాల్లో అది మోకాలి లోపలి అంచును ఒరుసుకుంటూ పోయింది.

"బరువంతా ఈ ఒక్క దిక్కే పడుతున్నదమ్మా. అందుకే ఈ సగం అరిగింది. అవతలి సగం మంచిగుంది. మంచిగున్న కీలును తీసేసుడెందుకు? మోకాలి కింది బొక్కను కోసి, లోపలి దిక్కు జర తెరిచి, ప్లేటు పెట్టి బిగిస్తే కాలు సక్కగైతది. బరువు మంచి దిక్కుకు జరుగుతది. మీ మోకాలు మీకే ఉంటది."

మా దిక్కు ఎముకను బొక్క అంటాం. పెద్దబాపు లేచి నిలబడ్డాడు. "మంచి బొక్కను కోసుడేంది సారూ?"

"పూర్తిగ కొయ్యం పెద్దమనిషీ. బయటి అంచు జరంత ఉంచుతం. అది తలుపుకు బందు లెక్క పనిచేస్తది. తెరిచిన సందుల కొత్త బొక్క పెరుగుతది."

పెద్దబాపు ఎక్స్‌రే ముందుకు పోయి చాలాసేపు చూశాడు. చూసి నా వైపు తిరిగాడు. "గుంజ వంకరున్నదే బిడ్డా. కప్పుకేం కాలే. గుంజను సక్క జేస్త అంటుండు." డాక్టరు తల ఊపి, ఆ తర్వాత చెప్పిన మాట ఇద్దరికీ చెప్పాడు. బొక్క అతుక్కుందని తాను ఎక్స్‌రే చూసి చెప్పేదాకా ఆ కాలు మీద బరువు వెయ్యకూడదు. తొందరపడితే బొక్క జారుతుంది, ప్లేటు ఆగదు, అప్పుడు మోకాలు మార్చడం తప్ప దారి ఉండకపోవచ్చు. "సమజైందా?" అని అడిగితే "అయింది సారూ" అని నాకన్నా ముందు పెద్దబాపే అన్నాడు.

ఆపరేషనుకు నడుము నుంచి కిందికే మత్తిచ్చారు. నొప్పి లేదు గానీ చెవులు పనిచేస్తున్నాయి, అదీ నా ఖర్మ. తెర అవతల రంపం గుయ్యిమంది. తర్వాత సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. ఒక్కో దెబ్బకు నా ఒళ్లంతా బల్ల మీద కదులుతోంది. నా బొక్కను నాకు వినబడేట్టు కొడుతుంటే నేను పైన లైటు వంక చూస్తూ పడుకుని ఉన్నాను. నడుమ డాక్టరు ఆగి, గీత చూసుకోవడానికి ఒక వైరును తుంటి నుంచి మడమకు లాగి పట్టమన్నాడు. ఎక్స్‌రే టీవీ మీద చూసి "ఇంకొంచెం" అన్నాడు. మళ్లీ సుత్తి. "ఇంకొంచెం." మళ్లీ. ఎక్కువ తెరిస్తే మిగిల్చిన అంచు విరుగుతుంది, తక్కువ తెరిస్తే కాలు వంకరగానే ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పి ఉండకూడదు నాకు. "సరిపోయింది" అనేదాకా ఊపిరి ఎక్కడ పెట్టుకున్నానో తెలియదు. బయట పెద్దబాపు కూర్చోకుండా నిలబడే ఉన్నాడని పెద్దవ్వ తర్వాత చెప్పింది.

మా ఆయన దుబాయ్‌లో ఉండె, అవ్వ అప్పటికే లేదు. అందుకని పెద్దబాపు ఇంటికే చేరాను. నా కోసం కుర్చీ నడుమ కోసి బాత్రూములో పెట్టాడు. గడప దగ్గర వాకర్ తట్టుకుంటోందని గడపనే పీకేశాడు. పెద్దవ్వ మొత్తుకుంది, "పసుపు రాసే గడపను పీకుతవా?" అని. "దీని కాలు సక్కగైతే మళ్ల పెడుత" అన్నాడు. నేను వాకర్ పట్టుకుని కుంటి కాకిలా ఒంటికాలి మీద గెంతుతుంటే వెనకాలే వచ్చేవాడు. "ఆనియ్యకు. ఆనియ్యకు బిడ్డా." రోజంతా అదే మాట. "నాకు ఇనబడుతది, చెవిటిదాన్ని గాదు" అని కసిరేదాన్ని.

పొద్దున చాయ్ తాగాక ఆయన నా మంచం పక్కన కూర్చునేవాడు. కుట్లు మానాక ఒకరోజు మెల్లగా మెటికతో మోకాలి కింద తట్టాడు. తల వంచాడు, కళ్లు మూసుకున్నాడు. "ఏమంటుందే పెద్దబాపు?" అన్నాను నవ్వుతూ. "ఇంకా మెత్తగుంది" అన్నాడు. అది మొదలు రోజూ అదే. వారాలు గడిచేకొద్దీ ఆయన మొహంలో మార్పు కనబడేది. "జర గట్టివడ్డది." ఇంకొన్నాళ్లకు "గట్టిగనే ఉంది." పెద్దవ్వ, నేను ఇద్దరమూ ఆయన మొహం వంక చూస్తూ కూర్చునేవాళ్లం. ఆయన మాట కోసం ఎదురుచూడడం మాకు అలవాటైపోయింది. ఎంతోమంది బతుకుల్ని కాపాడిన చెవి అది. మేం నమ్మకపోతే ఎవరు నమ్ముతారు?

డాక్టరు రమ్మన్న రోజుకు ఇంకా వ్యవధి ఉంది. అటు డిపో నుంచి ఎప్పుడొస్తవ్ ఎప్పుడొస్తవ్ అని ఫోన్లు. నాకు మంచం మీద పిచ్చెక్కుతోంది. ఆ పొద్దున పెద్దబాపు తట్టాడు, విన్నాడు, ఇంకోసారి తట్టాడు. కళ్లు తెరిచి ఎంత సంబరంగా చూశాడో నేను చెప్పలేను. "ఖంగుమంటుందే బిడ్డా! అతుక్కున్నది. లెవ్వు, నిలవడు."

"డాక్టర్ సాబ్ సెప్పలే గదయ్యా" అంది పెద్దవ్వ.

"నేను సెప్తున్న గదనే. నా చెవి ఎన్నడన్న తప్పు జెప్పిందా?"

లేచాను. వాకర్ పట్టుకుని ఎడమ పాదం నేలకు ఆనించాను. ఇన్నాళ్లకు చల్లటి బండ పాదానికి తగిలితే ప్రాణం లేచివచ్చింది. బరువు వేశాను. నొప్పి లేదు. ఒక అడుగు. పెద్దబాపు చేతులు చాచి ముందు నిలబడ్డాడు. రెండో అడుగుకు లోపల టక్కుమంది.

చిన్న చప్పుడు. పెద్దవ్వకు వినబడలేదు. నాకన్నా ముందు పెద్దబాపు విన్నాడు. "జరుగుండ్రి!" అని అరిచాడు. బాయిలో కప్పు విడిచినప్పుడు అరిచే అరుపు అది. ఇల్లంతా అదిరింది. నన్ను రెండు చేతులతో ఎత్తి మంచం మీద పడేశాడు. ఆ తర్వాత నొప్పి వచ్చింది. ఆయన మోకాళ్ల మీద కూలబడి నా కాలు వంక చూశాడు. ఆ మొహం నేనెన్నడూ మర్చిపోను. చెయ్యి కాలి మీదికి తెచ్చి, ముట్టకుండానే వెనక్కి తీసుకున్నాడు.

పక్కింటివాళ్ల కారులో కరీంనగర్ బయలుదేరాం. వెనక సీట్లో నేను అడ్డంగా పడుకుంటే, నా మడమను తన ఒళ్లో రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా తన ఒళ్లు అదిరినా నా కాలు అదరకుండా పైకి లేపేవాడు. గోదావరి బ్రిడ్జి దాటాం, పెద్దపల్లి దాటాం. నాకు భయం, భయం మీద కోపం. "నీ చెవి పాడుగాను పెద్దబాపు, ఏం జేస్తివి!" అన్నాను. అనాలనిపించింది, అన్నాను. ఆయన తల ఊపాడు, అవును బిడ్డా అన్నట్టు. ముందు సీట్లో పెద్దవ్వ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ దారిలో నేను ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు, అంత పొడుగు దారని ఆ రోజే తెలిసింది.

ఎక్స్‌రే తీసి వెలుతురు పెట్టెకు తగిలించారు. డాక్టరు ముక్కు దాదాపు ఫిల్ముకు ఆనేటట్టు వంగి చూశాడు. మేం ముగ్గురం ఆయన వీపు వంక చూస్తున్నాం. మోకాలు ఉన్నట్టా, పోయినట్టా? ఎంతకీ తిరగడే!

"నడవమని ఎవలు చెప్పిండ్రు?" అన్నాడు తిరిగి.

నేను నోరు తెరిచేలోపే పెద్దబాపు ముందుకు వచ్చాడు. "నేనే సారూ. తట్టి ఇన్న. గట్టిగ పలికింది. అతుక్కున్నదనుకున్న."

"ఎక్కడ తట్టిండ్రు?"

పెద్దబాపు తన కాలు మీదే చూపించాడు, మోకాలి కింద లోపలి వైపు. డాక్టరు ఎక్స్‌రే మీద అదే చోట వేలు పెట్టాడు. అక్కడ తెల్లగా ప్లేటు ఉంది. "వాపున్నప్పుడు మెత్తగ పలికింది. వాపు దిగినంక ప్లేటు చర్మం కిందికి వచ్చింది. మీరు విన్నది ప్లేటును. బొక్కను గాదు."

పెద్దబాపు కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. డాక్టరు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మిగిల్చిన బయటి అంచు చిట్లింది, అయినా ప్లేటు పట్టి ఉంచింది, కాలు ఇంకా తిన్నగానే ఉందని చెప్పాడు. ఇక మీద జారకుండా ఉంటే అతుక్కుంటుంది. జారితే మళ్లీ కొయ్యాలి, రెండోసారి ఎట్లా ఉంటుందో మాట ఇవ్వలేనన్నాడు. "వచ్చేసారి ఎక్స్‌రేలనే తెలుస్తది. అప్పటిదాక పాదం ఆననియ్యొద్దు."

ఆ వచ్చేసారి దాకా మా ఇంట్లో గడిచిన కాలం నా పగవాళ్లకు కూడా వద్దు. చిన్న నొప్పి వస్తే జారిందేమో అని భయం. నొప్పి లేకపోతే, ఎందుకు లేదని భయం. పెద్దబాపు తట్టడం మానేశాడు. నా కాలునే కాదు, దేన్నీ తట్టలేదు. పెద్దవ్వ పుచ్చకాయ తెచ్చి ముందు పెట్టి "సూడు, పండిందా?" అని అడిగితే "కోసి సూడు" అని లేచిపోయాడు. గ్యాసుబండ వస్తే అది నిండుగా ఉందో లేదో తెచ్చిన అబ్బాయినే అడిగాడు. అన్నం కూడా సరిగ్గా తినేవాడు కాదు. నాకు కోపం తగ్గలేదు, నిజమే చెప్తున్నా. కానీ ఆయన అట్లా చేతులు ముడుచుకుని కూర్చుంటే కోపం కన్నా అది ఎక్కువ నొప్పి పెట్టేది.

ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? పసరు కట్టు కట్టే మనిషిని వెంటబెట్టుకుని పెద్దవ్వ వైపు చుట్టం ఒకాయన వచ్చాడు. ఒక్క కట్టుకు అతుక్కుంటుందట. పెద్దబాపు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఒక్కసారి నేను డాక్టర్‌నైన, సాలు. గీ ఇంట్ల ఇంకో డాక్టర్ వద్దు" అన్నాడు. "గాయిన మస్తు మందికి కట్టిండే మామా" అని చుట్టం వాదించబోతే, "నేను మస్తు మందికి కప్పు ఇని చెప్పిన. ఏమైంది?" అన్నాడు. వాళ్లు చాయ్ కూడా తాగకుండా పోయారు. నాకు ఆ పూట ఆయన మీద కోపం సగం పోయింది. "పెద్దబాపు, ఆకలైతంది" అన్నాను. తనతో మళ్లీ మాట్లాడానని ఆయన ఎంత హడావిడి పడ్డాడంటే, అన్నంలో నీళ్లు పోసి పప్పు గిన్నె కోసం వెతికాడు.

ఎక్స్‌రే రోజు రానే వచ్చింది. కరీంనగర్‌లో అదే గది, అదే వెలుతురు పెట్టె. పెద్దబాపు లోపలికి రానన్నాడు. డాక్టరే పిలిపించాడు. తెరిచిన సందులో తెల్లటి మసక పరుచుకుని ఉంది. "ఇదే కొత్త బొక్క. జారలే. అతుక్కుంటున్నది" అన్నాడు. పెద్దవ్వ అక్కడే నేల మీద కూలబడి దండం పెట్టింది, ఎవరికి పెట్టిందో ఆమెకే తెలియాలి. నేను బస్సులో కూడా అంత గట్టిగా అరవలేదు. బయట వరుసలో కూర్చున్నవాళ్లు తొంగి చూశారు. కొంచెం కొంచెంగా బరువు వేస్తూ నడవమన్నాడు డాక్టరు. నవ్వుతూ పెద్దబాపు వంక చూసి "ఇప్పుడు తట్టి చూడుండ్రి" అన్నాడు. పెద్దబాపు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దు సారూ. నడువనియ్యుండ్రి, కండ్లతోని సూస్త."

ఇంటికొచ్చాక గడప మళ్లీ పెట్టాడు. వాకర్ వదిలి, కర్ర వదిలి, నేను మొదటిసారి ఆ గడప దాటిన రోజు పెద్దవ్వ దానికి పసుపు రాసింది. డ్యూటీలో చేరాను. నా బస్సు మందమర్రి స్టాపులో ఆగితే పెద్దబాపు అక్కడ ఉండేవాడు. నేను కిందికి దిగి జనాన్ని ఎక్కిస్తుంటే నా కాళ్ల వంకే చూసేవాడు. "మొకం సూడవా పెద్దబాపు? మేకప్ ఏసుకొని వచ్చిన" అంటే, "నీ మొకం ఎవలు సూస్తరే, కాలు సూడ వచ్చిన" అనేవాడు. నేను ఫుట్‌బోర్డు ఎక్కి రైట్ రైట్ అన్నాక గానీ కదిలేవాడు కాదు. ఎండైనా అంతే, వానైనా అంతే. డ్రైవరన్న కూడా ఆ స్టాపులో బస్సు ఒకింత ఎక్కువసేపు ఆపడం నేర్చుకున్నాడు.

తర్వాత ఆయన రావడం తగ్గింది. బాయి దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోయిందని తెలుసు మాకు. స్టాపు దాకా నడిస్తే ఆయాసం. ఆ తర్వాత వాకిలి దాకా నడిచినా ఆయాసమే. నేనే సెలవు దొరికినప్పుడల్లా పోయేదాన్ని. పోగానే "కూసో" అనేవాడు. కుర్చీ మీద కూర్చుంటే ఒప్పుకునేవాడు కాదు, నేల మీద కూర్చోవాలి. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, మంచం మీద నుంచి నా మోకాలి వంక చూస్తూ పడుకునేవాడు. ఒకరోజు "తప్పు జేస్తి బిడ్డా" అన్నాడు. "అయిపోయిందాన్ని ఎందుకు తవ్వుతవ్?" అన్నాను. "తవ్వుడే గదా నా పని" అని నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగేదాకా వీపు నిమురుతూ కూర్చున్నాను.

ఆయన పోయిన రోజు బస్సు దిగి ఇంటికి వెళ్లేసరికి చుట్టాలు చేరుతున్నారు. తలకొరివి పెద్దవ్వ తమ్ముని కొడుకు పెట్టాడు. నేను వాడకట్టు చివరి దాకా నడిచి ఆగిపోయాను. ఆడవాళ్లు అంతవరకే పోవాలన్నారు, నేనూ మాట్లాడలేదు. ఏడ్చే దగ్గర పోట్లాడితే ఏం బాగుంటుంది?

మూడో రోజు పొద్దున బొక్కలు ఏరడానికి మగవాళ్లు బయలుదేరారు. నేనూ చెప్పులు విడిచి బయలుదేరాను. ఒక పెద్దమనిషి ఆపాడు. "ఆడివిల్ల అచ్చుడేందమ్మా? నువ్వు ఇంటికాడుండు."

"ఎందుకుండాలె?"

"పద్ధతి గాదు. దానికితోడు నీకు కాలు ఆపరేషనాయె. గాడ వంగుడు లెవ్వుడు నీతోనైతదా?"

నేను ఏదో అనబోయాను. పెద్దవ్వ లోపలి నుంచి వచ్చింది. మూడు రోజులుగా మాట్లాడని మనిషి. కొత్త కుండ తెచ్చి నా చేతికిచ్చింది. "దాని కాలు కోసం మనిషి తిండి మానిండు. దాన్ని పోనియ్యుండ్రి" అంది. ఎవరూ అడ్డం రాలేదు. ఆ పెద్దమనిషే నాకు దారి చూపిస్తూ ముందు నడిచాడు.

బూడిద మీద నీళ్లు, పాలు చల్లారు. లోపల ఇంకా వెచ్చగానే ఉంది. మగవాళ్లు వంగి నాలుగు ముక్కలు తీసి కుండలో వేసి, ఇక చాలన్నారు. నేను చాలనలేదు. కుండ పక్కన పెట్టుకుని, రెండు మోకాళ్లూ పూర్తిగా మడిచి, ఎడమ కాలి మీద కూడా బరువంతా వేసి గొంతుక్కూర్చున్నాను. వేళ్లతో బూడిద జరిపాను. చేతివేళ్లవి చిన్న చిన్న ముక్కలు దొరికాయి. వెన్నువి దొరికాయి. పొడుగాటి కాలి బొక్క ఒకటి, చక్కగా, తెల్లగా. వెనక నిలబడ్డవాళ్లు ఎండ ముదురుతోందని గొణుగుతున్నారు. మోకాలు నొప్పి పెట్టలేదు. తొందరేమీ లేకుండా అట్లాగే కూర్చుని, మా పెద్దబాపును ముక్క ముక్కా ఏరుకున్నాను.